అగ్గిపెట్టెతో చెప్పిన పాఠం

(ఆదివాసీ దినోత్సవం నాడు యువతీ యువకుల సమావేశంలో మా సంఘం విద్యా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

 వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఈ మాటలు మీ కోసమే. పెద్దలకు ఇందులో కొత్త సంగతులేం లేవు, కొన్ని చోట్ల కోపం కూడా రావచ్చు.

పొద్దుట్నుంచీ జోడేఘాట్ గురించి, కుమ్రం భీం గురించి విన్నారు. పాటలు పాడారు. ఇప్పుడు మాకు ఇచ్చిన అంశం సాంకేతిక విద్య, ఉపాధి. పేరు వింటేనే ఆవలింత వస్తుందని మాకూ తెలుసు. అందుకే మేం స్కీముల జాబితా చదవం. నిరుడు ఎండకాలంలో గూడేలు తిరిగినప్పుడు చూసిన సంగతులతో మొదలుపెడతాం.

పదో తరగతి పాసైన పిల్లలున్న ఇళ్ళకు వెళ్ళి ఒకటే ప్రశ్న అడిగాం. తర్వాత ఏం చదివిస్తారు అని. చాలా ఇళ్ళలో ఒకే జవాబు వచ్చింది. ఇంటర్, తర్వాత డిగ్రీ, తర్వాత డీఈడీయో బీఈడీయో, తర్వాత డీఎస్సీ రాసి సారు కావాలి. కొన్ని ఇళ్ళలో ఐటీఐ అన్నారు. అలా అన్నప్పుడు తల్లిదండ్రుల గొంతు తగ్గింది. "మార్కులు తక్కువొచ్చినయి సారూ, అందుకే అటు పంపుతున్నం" అని సంజాయిషీ చెప్పినట్టు చెప్పారు. పిల్లవాడు పక్కనే ఉన్నాడు. తలొంచుకున్నాడు.

సారు కావాలన్న కోరిక మనకు ఊరికే రాలేదు. మన గూడేనికి వచ్చిన మొదటి జీతం పంతులుగారిదే. 2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ, నూటికి నూరూ, స్థానిక గిరిజనులకే. ఆ జీవోతో ఉద్యోగాల్లోకి వచ్చిన అన్నలు, అక్కలు ఈ సభలోనే ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలో పిల్లలు చదువుకున్నారు, వాళ్ళను చూసి పక్కింటి పిల్లలూ చదువుకున్నారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాలు నిలిచాయి, కొత్తవాళ్ళకు ఆ భరోసా పోయింది. దాని మీద మన పోరాటం ఆగలేదు, ఆగకూడదు కూడా. కానీ ఐదేళ్ళు గడిచిపోయాయి. ఈలోపు ప్రతి ఏడాదీ పిల్లలు పది పాసవుతూనే ఉన్నారు. కోర్టు తీర్పు మారేదాకా వాళ్ళ వయసు ఆగదు కదా.

ఇంకో దారి ఉంది, ఎప్పట్నుంచో ఉంది. మన దేశంలో ఐటీఐల్లో చేతి పని నేర్పే పథకం 1950లో మొదలైంది. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, డీజిల్ మెకానిక్, ఈ పేర్లన్నీ మీరు విన్నవే. అయినా మనకే కాదు, దేశం మొత్తానికీ ఈ చదువంటే చిన్నచూపే. 2020 జాతీయ విద్యా విధానం పత్రంలో ఒక లెక్క రాశారు. 19 నుంచి 24 ఏళ్ళ వయసు పనివాళ్ళలో పద్ధతిగా వృత్తి విద్య నేర్చుకున్నవాళ్ళు మన దేశంలో 5 శాతం కూడా లేరు. అమెరికాలో 52 శాతం, జర్మనీలో 75 శాతం, దక్షిణ కొరియాలో 96 శాతం. బడిలోనో కాలేజీలోనో కనీసం సగం మంది విద్యార్థులకు ఏదో ఒక వృత్తి విద్య పరిచయం కావాలని, అది 2025 నాటికి జరగాలని అదే పత్రంలో రాసుకున్నారు. 2025 రానే వచ్చింది. మన ఆశ్రమ పాఠశాలలో చదివిన మీలో ఎంతమంది పదో తరగతి లోపల ఒక స్క్రూడ్రైవర్ పట్టుకున్నారు? చేతులెత్తండి. సరే, చూశాం.

చిన్నచూపు గురించి ఇంకో మాట చెప్పి ముందుకు పోతాం. ఉషేగావ్‌లో, కెస్లాగూడలో ఓజా వాళ్ళు ఇత్తడి బొమ్మలు, గంటలు పోస్తారు. మన దేవతల పనికి వాళ్ళు పోసిన వస్తువులు లేనిదే కాదు. మట్టితో ముద్ద చేసి, దాని మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. ఆదిలాబాద్ డోక్రా పేరుతో 2018లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. విమానం ఇంజను లోపల తిరిగే రెక్కల్ని ఫ్యాక్టరీల్లో పోసే పద్ధతికి మూలం కూడా ఇదే, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోయడం. ఐటీఐలో ఫౌండ్రీమన్ అని ఒక ట్రేడే ఉంది. ఓజా తాతను ఎవరూ మార్కులు తక్కువొచ్చి ఆ పనిలో చేరాడని అనలేదు. అదే పని కంపెనీ గేటు లోపల చేస్తే మనకు తక్కువ ఎందుకైందో మేం ఆలోచించాం, మాకు సరైన జవాబు దొరకలేదు. మీకు దొరికితే చెప్పండి.

ఇప్పుడు అసలు సంగతి. చేరడానికి చాలామంది చేరుతున్నారు. మధ్యలో వచ్చేస్తున్నారు. మేం మాట్లాడిన పిల్లల్లో చేరి మానేసినవాళ్ళే మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేశారు. ఎందుకు మానేశావంటే మొదట ఎవరూ నిజం చెప్పరు. హాస్టల్లో తిండి బాగాలేదంటారు, అమ్మకు జ్వరమంటారు. రెండోసారి వెళ్ళి, చాయ్ తాగి, గోండిలో మాట్లాడితే అప్పుడు వస్తుంది మాట.

ఒక పిల్లవాడు ఫిట్టర్‌లో చేరి నాలుగో నెలలో వచ్చేశాడు. పేరు ఎందుకులెండి. వాళ్ళ నాన్న నాగలి చెక్కుతాడు, వీడు పదేళ్ళప్పట్నుంచీ బాడిస పట్టాడు. ఆకురాయితో ఇనప ముక్కను రుద్ది నున్నగా చేసే పనిలో క్లాసులో అందరికంటే వీడే ముందు. పోగొట్టింది డ్రాయింగ్. ఇన్‌స్ట్రక్టర్ బోర్డు మీద మూడు బొమ్మలు గీసి, ఇది ఫ్రంట్ వ్యూ, ఇది టాప్ వ్యూ, ఇది సైడ్ వ్యూ, ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్, గీయండి అన్నాడట. సగం ఇంగ్లీషు, సగం పట్నం తెలుగు. ముందు నుంచి చూసిన బొమ్మ పైన ఉంది, పై నుంచి చూసిన బొమ్మ కింద ఉంది. పైనది కింద ఎందుకుందని అడగాలనిపించిందట. అడిగితే నవ్వుతారని అడగలేదు. ఆ రోజు అడగని ప్రశ్న మీద వారం వారం కొత్త పాఠాలు పడ్డాయి. నాలుగో నెలకు ఇంటికి.

మా బృందంలో ఒకాయన పాత ఫిట్టరు. ఆయన ఆ పిల్లవాడి ఇంటి అరుగు మీద కూర్చొని జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. నేల మీద బూడిద పరిచాడు. అగ్గిపెట్టెను దాని మీద నిలబెట్టి, నీకు ఎదురుగా ఉన్న ముఖం చూడు, దాన్ని గీయి అన్నాడు. తర్వాత అగ్గిపెట్టెను తనవైపుకు దొర్లించి, ఇప్పుడు పైముఖం ఎక్కడికొచ్చింది అన్నాడు. అంతా గోండిలోనే. పెట్టె దొర్లితే పైముఖం కిందికే వస్తుంది, అందుకే కింద గీస్తారు. పది నిమిషాలు పట్టింది. ఆ పిల్లవాడు బూడిదలో మూడు బొమ్మలూ గీసి, "గింతేనా" అన్నాడు.

ఆ "గింతేనా" మమ్మల్ని ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు. పది నిమిషాల మాట కోసం రెండేళ్ళ చదువు పోయింది. తిట్టేందుకు ఆ ఇన్‌స్ట్రక్టర్ చెడ్డవాడు కూడా కాదు. ముప్పై మందికి ఒక్కడే చెప్పాలి, ఆయనకు మన భాష రాదు, మనవాళ్ళు నోరు విప్పరు. ఎవరిని అనాలి?

ఇది మనకు కొత్త సమస్య కాదు. ఎనభై ఏళ్ళ కింద ఇదే సమస్య బడి చదువుకు వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో భీం అమరుడైన తర్వాత నిజాం సర్కారు మన గూడేల పరిస్థితి చూడమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, బెట్టీ ఎలిజబెత్ మర్లవాయిలో మన మధ్యే గుడిసె వేసుకొని ఉన్నారు. అప్పుడు బయట నుంచి పంతుళ్ళను తెచ్చి నలభై బళ్ళు తెరవమని సర్కారుకు రాసి ఊరుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. 1943లో మర్లవాయిలో మొదట తెరిచింది పంతుళ్ళను తయారుచేసే కేంద్రం. కాస్తో కూస్తో అక్షరాలొచ్చిన గోండు మొగవాళ్ళను పట్టుకొచ్చి, వాళ్ళకు నేర్పి, వాళ్ళను ఊళ్ళకు పంపారు. మొదటి వాచకాలు దేవనాగరి లిపిలో, గోండి భాషలో అచ్చువేశారు. పిల్లవాడు ముందు తన మాటలో చదవడం నేర్చుకొని, ఆ తర్వాత మిగతా భాషలకు వెళ్ళాడు. అక్కడ తయారైనవాళ్ళలో కొందరు పంతుళ్ళయ్యారు, కొందరు పట్వారీలు, ఫారెస్టు గార్డులయ్యారు. ఈ సభలో వాళ్ళ మనవలున్నారని మాకు తెలుసు.

ఐటీఐ చదువుకు ఆ మర్లవాయి ఇంకా రాలేదు. భవనాలు వచ్చాయి, మిషన్లు వచ్చాయి, సీట్లలో రిజర్వేషను వచ్చింది. పక్కన నిలబడి మన మాటలో చెప్పేవాడు రాలేదు. ఇవాళ మేం చెప్పదలచుకున్నది ప్రధానంగా ఈ ఒక్క సంగతే.

కాబట్టి మీలో కొందరికి మా విన్నపం, ఐటీఐ చదివి ఉద్యోగం తెచ్చుకోవడంతో ఆగకండి. ఇన్‌స్ట్రక్టర్లు కండి. దానికి దారి ఉంది. ఐటీఐ పాసై నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకు క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ స్కీమ్ అని ఏడాది కోర్సు ఉంది, సీఐటీఎస్ అంటారు. హైదరాబాద్‌లో విద్యానగర్‌లో, రామంతాపూర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థల్లోనే నేర్పుతారు. టీచర్ కావాలన్న కోరిక మన రక్తంలో ఉందన్నాం కదా, ఇది కూడా టీచర్ ఉద్యోగమే. బీఈడీ చేసి డీఎస్సీ కోసం ఎదురుచూసే అన్నలు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. సీఐటీఎస్ పేరు విన్నవాళ్ళు మాకు ఒక్క ఊళ్ళో కూడా కనపడలేదు.

పై చదువు మూసుకుపోతుందన్న భయం కూడా చాలా ఇళ్ళలో విన్నాం. "ఐటీఐ చేస్తే ఇంక ఇంజనీరు కాడు కదా" అని. అవుతాడు. రెండేళ్ళ ఐటీఐ తర్వాత లాటరల్ ఎంట్రీలో పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్‌తో సమానమైన సర్టిఫికెట్ తెచ్చుకునే వీలు 2016 నుంచి ఉంది. తోవ పొడవే, మేం కాదనం. ఇంటర్ ఎంపీసీ నుంచి పోయే దారి కంటే ఏళ్ళు ఎక్కువ పడతాయి. కానీ మధ్యలో ఎక్కడ ఆగినా చేతిలో ఒక పని ఉంటుంది. ఇంటర్ ఫెయిలై ఆగినవాడి చేతిలో ఏముందో మన ఊళ్ళలో మీరే చూస్తున్నారు.

ఇంక మన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ కింద పట్నంలో ఒక ప్రైవేటు ఐటీఐ వాళ్ళు ఊళ్ళకు జీపు పంపి పిల్లల్ని చేర్చుకున్నారు. ఫీజు మీకు లేదు, స్కాలర్‌షిప్ వస్తుంది, పరీక్షకు వస్తే చాలన్నారు. మాలో కొందరం కూడా సంతకాలు పెట్టించాం. ఆ పిల్లలు రెండేళ్ళు ఇంటి దగ్గరే ఉన్నారు, సర్టిఫికెట్ వచ్చింది. తర్వాత ఒక కంపెనీలో ప్రాక్టికల్ పరీక్ష పెట్టినప్పుడు మల్టీమీటర్ ముల్లు ఎక్కడ పెట్టాలో తెలియక బయటికి వచ్చారు. ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ ఉన్న పిల్లవాడు ఇవాళ పత్తి ఏరుతున్నాడు. పత్తి ఏరడం తప్పని కాదు, దానికి రెండేళ్ళు సర్టిఫికెట్ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. ఆ సంతకాలు పెట్టించినందుకు ఆ ఇళ్ళకు వెళ్ళి మేం క్షమాపణ అడిగాం. మీరు చేరేముందు వర్క్‌షాపు తలుపు తెరిపించి చూడండి. మిషన్ల మీద దుమ్ముందా, నూనె ఉందా చూడండి. నూనె ఉంటే పని జరుగుతున్నట్టు.

చదువు పూర్తిచేసినవాళ్ళు కూడా జారిపోయే చోటు ఇంకొకటుంది. అప్రెంటిస్. ఐటీఐ అయ్యాక కంపెనీలో ఏడాది పని నేర్చుకుంటూ చేసేదాన్ని అప్రెంటిస్ అంటారు. దీనికి 1961 నుంచి చట్టం ఉంది. ముప్పై మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. నిర్దేశిత ట్రేడుల్లో ఎస్సీలకు, ఎస్టీలకు స్థానాలు కేటాయించాలని ఆ చట్టం 3ఏ సెక్షన్‌లోనే రాసి ఉంది. అంటే గేటు దగ్గర దండం పెట్టి అడుక్కునే పని కాదు, అడిగి తీసుకునే హక్కు. సింగరేణి ఏటా అప్రెంటిస్‌లను తీసుకుంటుంది. రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్ళకు అక్కడి లెవెల్ 1 పోస్టుల్లో 20 శాతం వాటా ఉంది. 2024లో రైల్వే వాళ్ళు అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులు 18,799 భర్తీకి తీశారు. పదో తరగతి, దానికి తోడు తగిన ట్రేడులో ఐటీఐ ఉంటే దానికి రాయొచ్చు. డిగ్రీ అక్కర్లేదు. మన ఊళ్ళలో దరఖాస్తు పెట్టినవాళ్ళ కోసం వెతికితే చాలా తక్కువమంది దొరికారు.

కష్టం కూడా చెప్పాలి. 2019 నిబంధనల్లో ఐటీఐ పాసైన అప్రెంటిస్‌కు కనీస స్టైపెండ్ నెలకు 7,000 అని పెట్టారు. పటాన్‌చెరులోనో జీడిమెట్లలోనో నలుగురు ఒక గదిలో ఉండి, వండుకొని, బస్సు పాసు తీసుకుంటే ఏం మిగులుతుంది? మొదటి నెల స్టైపెండ్ ఆలస్యమైతే అడ్వాన్సు ఎవరిస్తారు? ఇక్కడే మనవాళ్ళు బ్యాగు సర్దుకుంటున్నారు. ఇంటి నుంచి డబ్బు పంపగలిగిన పిల్లవాడు ఆ రెండు నెలలు దాటేస్తున్నాడు, మనవాడు దాటలేకపోతున్నాడు. చదువులో వెనకబడి కాదు, రెండు నెలల అద్దె లేక. అందుకే సంఘం తరఫున ఒక నిర్ణయం తీసుకున్నాం. దండారి చందాలో కొంత పక్కన పెట్టి, అప్రెంటిస్‌కు వెళ్ళే పిల్లలకు మొదటి రెండు నెలల గది అద్దె అప్పుగా ఇస్తాం. వడ్డీ లేదు. చందా దేవుడి పనికి ఇచ్చిందని కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. చర్చ ఇంకా నడుస్తోంది. కోపం రావచ్చని ముందే చెప్పింది ఇందుకే.

దండారి మాట వచ్చింది కాబట్టి అదీ మాట్లాడదాం. దీపావళి ముందు డప్పు మోగిందంటే పట్నంలో ఉన్న పిల్లవాడి కాళ్ళు నిలవవు. గుస్సాడీ టోపీ నెత్తిన పెట్టుకోవాలి, ఊరూరా తిరగాలి. చెప్పకుండా వచ్చేస్తాడు, పదిహేను రోజులుంటాడు, వెళ్ళేసరికి హాజరు పోయి కాంట్రాక్టు రద్దయి ఉంటుంది. మేం సాంస్కృతిక సంఘం వాళ్ళం, దండారి మానేయమని మా నోట రాదు. పద్మశ్రీ కనకరాజు గారి ఊరు మర్లవాయే కదా, ఆ అడుగులు మనం నేర్చుకోకపోతే ఎవరు నేర్చుకుంటారు? మేం అడిగేది ఒక్కటే. చేరిన రోజే సూపర్‌వైజర్‌కు చెప్పండి, మా పండుగ ఫలానా వారంలో వస్తుంది, నా సెలవులు దానికి దాచుకుంటానని. రాతపూర్వకంగా ఇవ్వండి. కావాలంటే సంఘం లెటర్‌హెడ్ మీద మేం రాసిస్తాం. ఛఠ్ పూజకు బీహార్ పిల్లలు సెలవు తీసుకొని పోయి, తిరిగొచ్చి పనిలో చేరడం ఆ ఫ్యాక్టరీల్లో అందరూ చూస్తున్నదే. వాళ్ళు ముందే చెప్పి వెళ్తారు, మనం చెప్పం, అంతే తేడా.

అందరూ పట్నం పోవాల్సిన పని కూడా లేదు. 2025 మే నెలలో అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం పథకం మొదలైంది. అటవీ హక్కుల పట్టాలున్న గిరిజన రైతుల పొలాలకు సౌర విద్యుత్ పంపుసెట్లు పెడతారు. లక్ష్యం 6 లక్షల ఎకరాలు. పథకం ఎంత బాగా నడుస్తుందో ఇప్పుడే చెప్పలేం, మనం చాలా పథకాలు చూశాం. కానీ ఒక సంగతి మాత్రం ఖాయం. పంపు పెట్టినచోట పంపు చెడిపోతుంది. గాలివానకు ప్లేటు పగులుతుంది, కంట్రోలర్ కాలిపోతుంది, కోతులు వైరు తెంపుతాయి. అప్పుడు రైతు ఎవరికి ఫోన్ చేయాలి? మంచిర్యాల నుంచో నిర్మల్ నుంచో మెకానిక్ వచ్చేసరికి పంట ఎండుతుంది, వచ్చిన మెకానిక్ బండి ఖర్చే తడిసి మోపెడవుతుంది. మండలానికి ఇద్దరు ముగ్గురు మన ఎలక్ట్రీషియన్లుంటే ఆ పని, ఆ డబ్బు మన ఊళ్ళోనే ఉంటుంది.

ఇక్కడ చెల్లెళ్ళతో ఒక మాట. మీ కోసం ఐటీఐ అనగానే ఇంట్లో కుట్టుపని అంటారు, లేదంటే కంప్యూటర్ అంటారు. అవి మంచివే. కానీ ఎలక్ట్రీషియన్‌లో ఆడపిల్ల చేరకూడదని ఏ నిబంధనా లేదు. పగటిపూట పొలంలో మోటారు చెడిపోతే ఇంట్లో ఉండేది ఎక్కువగా ఆడవాళ్ళే. మేం ఒక ఊళ్ళో ఒక చెల్లెల్ని చూశాం. అన్న ఐటీఐ పుస్తకం చదివి, చెడిపోయిన మిక్సీ మోటారుకు తీగ తనే చుట్టింది. ఆమెను ఇంటర్ బైపీసీలో వేశారు. ఎందుకని అడిగితే, హాస్టల్ దగ్గరని చెప్పారు. మేమూ వాదించలేకపోయాం, ఆడపిల్లలకు హాస్టల్ ఉన్న ఐటీఐ దగ్గర్లో చూపించమంటే మా దగ్గర జవాబు లేదు. ఐటీడీఏకు ఇచ్చిన అర్జీలో మొదటి కోరిక అదే రాశాం.

పెద్ద మార్పు ఒకటి వస్తోంది, దాని గురించి కూడా మీకు తెలియాలి. మన రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనిని టాటా టెక్నాలజీస్‌తో కలిసి ప్రభుత్వం 2024 జూన్‌లో మొదలుపెట్టింది. ఖర్చు 2,324 కోట్లని ప్రకటించారు. రోబోలు, సీఎన్‌సీ మిషన్లు, ఎలక్ట్రిక్ బండ్ల రిపేరు నేర్పుతారు. సంతోషమే. భయమూ ఉంది. సీఎన్‌సీ మిషన్‌కు లెక్క చెప్పాలి, కొలత మిల్లీమీటరులో వందో వంతు దాకా చెప్పాలి. మన ఆశ్రమ పాఠశాలల్లో పదో తరగతి దాటిన పిల్లలకు చాలామందికి దశాంశాలు, భిన్నాలు తడబాటే. ఇది పిల్లల తప్పు కాదు, లెక్కల సారు పోస్టు ఎన్నేళ్ళు ఖాళీగా ఉందో అడగండి. కొత్త మిషన్ ముందు మళ్ళీ అదే నిశ్శబ్దం మొదలైతే, ఈసారి నాలుగో నెల దాకా కూడా ఆగరు.

ఆ పాత ఫిట్టరు దాదా చేసిన పని మనం అందరం చేయొచ్చని మాకనిపించింది. ఐటీఐ పూర్తిచేసినవాళ్ళు, ఇప్పుడు రెండో ఏడాదిలో ఉన్నవాళ్ళు మీలో ఉన్నారు. మీకు మొదట అర్థం కాని పాఠం ఏదో మీకే గుర్తుంటుంది. డ్రాయింగ్‌లో వ్యూలు కావచ్చు, ఓమ్ సూత్రం కావచ్చు, వెర్నియర్ కాలిపర్ మీద 0.02 మిల్లీమీటర్ చదవడం కావచ్చు. దాన్ని గోండిలో, కొలామీలో, మీ ఇంటి మాటలో, ఐదు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేయండి. సోకులు వద్దు, వెనక పాట వద్దు. పనిముట్ల ఇంగ్లీషు పేర్లు అలాగే ఉంచండి, పరీక్షలో అవే అడుగుతారు. విషయం మాత్రం మన మాటలో చెప్పండి. ఏ మాటకు ఏ మాట వాడాలని గొడవపడితే పెద్దవాళ్ళను అడుగుదాం. అచ్చు పుస్తకం వచ్చేదాకా ఆగితే ఇంకో పదేళ్ళు.

ఆ నాలుగో నెలలో వచ్చేసిన పిల్లవాడి సంగతి అడుగుతారని తెలుసు. ఈ ఏడాది మళ్ళీ దరఖాస్తు పెట్టాడు. సీటు ఇంకా రాలేదు. ఈ హాల్లోనే ఉన్నాడు, ఎవరో చెప్పం.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు ఈ హాల్లోనే కూర్చుంటున్నాం. ఫోన్లు చార్జింగ్ పెట్టుకొని రండి. ట్రేడు సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు ఒరిజినల్ తీసుకురండి, ఎన్‌సీవీటీదా కాదా చూద్దాం. అప్రెంటిస్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించాలనుకునేవాళ్ళు ఆధార్, బ్యాంకు పాసుబుక్కు మర్చిపోకండి. సంఘం డబ్బుతో ఒక వెర్నియర్ కాలిపర్, ఒక మల్టీమీటర్ కొన్నాం. దాదా అగ్గిపెట్టె తెస్తానన్నాడు.

రాం రాం.